ఐర్లాండు ఆరోగ్య సేవలపై రాన్సమ్‌వేర్ దాడి (2021)

ఐర్లాండు ఆరోగ్య సేవలపై రాన్సమ్‌వేర్ దాడి అనునది 2021 మే 14, శుక్రవారం తెల్లవారుజామున ఆ దేశపు ప్రభుత్వ ఆరోగ్య సంస్థ అయిన హెల్త్ సర్వీస్ ఎగ్జిక్యూటివ్ యొక్క కంప్యూటర్ నెట్‌వర్కుపై జరిగిన సైబర్ దాడి. ఈ సంస్థను సంక్షిప్తంగా హెచ్.ఎస్.ఇ. అని వ్యవహరిస్తారు. కాంటి అనే రాన్సమ్‌వేర్‌ను నడిపే నేరస్థుల ముఠా ఈ దాడికి పాల్పడినది. దాడి మరింత వ్యాపించకుండా ఆపుటకు హెచ్.ఎస్.ఇ. తన కంప్యూటర్ వ్యవస్థలన్నింటినీ తానే నిలిపివేసి, జాతీయ ఆరోగ్య నెట్‌వర్కును అంతర్జాలం నుండి తెంచివేసినది. ఫలితంగా దేశమంతటా ఆసుపత్రులు కాగితం, కలం పద్ధతికి మరలవలసి వచ్చినది. పునరుద్ధరణకు నాలుగు నెలలకు పైగా పట్టినది.

అదే రాత్రి ఐర్లాండు ఆరోగ్య మంత్రిత్వ శాఖ కంప్యూటర్లపై కూడా రాన్సమ్‌వేర్‌ను ప్రయోగించే ప్రయత్నం జరుగగా, అక్కడ దానిని సకాలంలో ఆపగలిగారు. ఒకే దాడి రెండు చోట్ల రెండు విధాలుగా ముగిసినందున, జరుగుతున్న రాన్సమ్‌వేర్ దాడిని కట్టడి చేయుట గురించి తెలుసుకొనేవారికి ఈ సంఘటన ముఖ్యమైన ఉదాహరణగా నిలిచినది.

రాన్సమ్‌వేర్, కట్టడి: ప్రాథమిక విషయాలు

రాన్సమ్ అనగా బందీని విడిచిపెట్టుటకు చెల్లించే సొమ్ము. రాన్సమ్‌వేర్ అనే హానికర ప్రోగ్రాము కంప్యూటరులోని దస్త్రాలను గణిత పద్ధతిలో గుప్తీకరించి, ఎవరూ చదువలేని విధంగా మార్చివేస్తుంది. వాటిని తిరిగి మామూలుగా మార్చుటకు అవసరమైన కీ దాడి చేసినవారి వద్దనే ఉంటుంది. ఆ కీ కావలెనంటే సొమ్ము చెల్లించవలెనని వారు కోరుతారు. ఇటీవలి ముఠాలు గుప్తీకరించుటకు ముందే దస్త్రాల నకళ్ళను దొంగిలించి, సొమ్ము ఇవ్వకపోతే వాటిని బయటపెడతామని కూడా బెదిరిస్తున్నాయి. దీనిని జంట బెదిరింపు అంటారు. కాంటి ఈ పద్ధతినే అనుసరించినది.

రాన్సమ్‌వేర్ దాడులను స్థూలంగా రెండు రకాలుగా చెప్పవచ్చును. 2017 మే నెలలో ప్రపంచమంతటా వ్యాపించిన వానాక్రై మొదటి రకానికి చెందినది. విండోస్‌లోని ఒక లోపం ఆధారంగా అది ఒక కంప్యూటరు నుండి మరొకదానికి తనంత తానే పాకినది. బ్రిటన్‌లోని ఆసుపత్రులతో పాటు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖకు చెందిన కొన్ని కంప్యూటర్లు కూడా దాని బారిన పడినవి. రెండవ రకం దాడిని మనుషులు దగ్గరుండి నడుపుతారు. వారు ఒక కంప్యూటరులో దూరి, రోజుల తరబడి లేదా వారాల తరబడి నెట్‌వర్కు అంతా తిరిగి, నిర్వాహకుల ఖాతాలను చేజిక్కించుకొని, అన్నీ సిద్ధమైన తరువాత తాము ఎంచుకొన్న సమయానికి ఒకేసారి గుప్తీకరణ మొదలుపెడతారు. హెచ్.ఎస్.ఇ.పై జరిగినది ఈ రెండవ రకం దాడి.

ఈ తేడా వలన కట్టడికి అనువైన సమయం కూడా మారుతుంది. రెండవ రకం దాడిలో దస్త్రాలు చెడిపోవుట చివరి ఘట్టం మాత్రమే. దానికి ముందు దాడి చేసేవారు నెట్‌వర్కులో తిరిగిన ప్రతి రోజూ వారిని ఆపుటకు అవకాశం ఉన్న రోజే. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2012లో ప్రచురించిన మార్గదర్శకం సైబర్ సంఘటనలకు స్పందించే పనిని నాలుగు దశలుగా విభజించినది: ముందస్తు ఏర్పాట్లు; గుర్తింపు, విశ్లేషణ; కట్టడి, నిర్మూలన, పునరుద్ధరణ; సంఘటన తరువాతి సమీక్ష. వీటిలో కట్టడి అనగా దాడిని ఉన్నచోటనే నిలిపి, ఇంకా చెడిపోని వాటిని కాపాడుట. చొరబడినవారిని పూర్తిగా వెళ్ళగొట్టుట నిర్మూలన అనే తరువాతి పని.

హెచ్.ఎస్.ఇ. నెట్‌వర్కు

హెచ్.ఎస్.ఇ. 2005లో ఏర్పడినది. దాడి నాటికి 1,30,000 మందికి పైగా సిబ్బందితో దేశంలోనే అతిపెద్ద యజమానిగా ఉన్నది. 54 ఆసుపత్రులు, 4,000కు పైగా ఇతర కార్యస్థలాలు, 70,000కు పైగా కంప్యూటరు పరికరాలు దీని సేవలతో ముడిపడి ఉన్నవి. ఆసుపత్రులలో కొన్ని హెచ్.ఎస్.ఇ. స్వంతం కాగా, మరికొన్ని స్వచ్ఛంద ఆసుపత్రులుగా పిలువబడే స్వతంత్ర సంస్థలు. ఇవన్నీ జాతీయ ఆరోగ్య నెట్‌వర్కు ద్వారా ఒకదానితో ఒకటి అనుసంధానమై ఉండేవి.

ఈ నెట్‌వర్కు చాలావరకు గదుల విభజన లేని పెద్ద హాలు వంటిది. ఒక చోట ప్రవేశించినవారు మిగిలిన చోట్లకు పోవుటకు అడ్డుగోడలు తక్కువ. సిబ్బందికి ఇది సౌకర్యమే అయినా, చొరబడినవారికీ అదే సౌకర్యం లభించినది. దీనికి తోడు, తయారీదారు మామూలు మద్దతు నిలిపివేసిన విండోస్ 7తో నడిచే కంప్యూటర్లు 30,000కు పైగా వాడుకలో ఉండేవి. సైబర్ భద్రతకు పూర్తి బాధ్యత వహించే ఉన్నతాధికారి పదవి సంస్థలో లేదు.

చొరబాటు క్రమం

దాడి తరువాత హెచ్.ఎస్.ఇ. పాలకమండలి కోరిక మేరకు ప్రైస్‌వాటర్‌హౌస్‌కూపర్స్ సంస్థ జరిపిన స్వతంత్ర సమీక్ష 2021 డిసెంబరులో వెలువడినది. దాని ప్రకారం ముఖ్య ఘట్టాలు ఇవి:

* మార్చి 16: హెచ్.ఎస్.ఇ. ఉద్యోగి ఒకరికి మోసపూరితమైన ఈ-మెయిలు వచ్చినది.
* మార్చి 18: ఆ మెయిలుతో వచ్చిన ఎక్సెల్ దస్త్రాన్ని తెరువగా ఆ కంప్యూటరు దాడి చేసేవారి వశమైనది. సమీక్షలో దీనిని మొదటి రోగి అనే అర్థంలో పేర్కొన్నారు.
* మార్చి 23: కంప్యూటరును ఆపి మరల ప్రారంభించినా తమ పట్టు పోకుండా దాడి చేసేవారు అందులో ఏర్పాటు చేసుకొన్నారు.
* మార్చి 31: అదే కంప్యూటరులో కోబాల్ట్ స్ట్రైక్, మిమికాట్జ్ అనే రెండు ఉపకరణాలను యాంటీవైరస్ గుర్తించినది. మొదటిది దూరం నుండి కంప్యూటరును నడుపుటకు, రెండవది సంకేతపదాలను దొంగిలించుటకు రాన్సమ్‌వేర్ ముఠాలు తరచుగా వాడేవి. అయితే ఆ యాంటీవైరస్ గమనించుటకు మాత్రమే అమర్చబడి ఉన్నందున వాటిని అడ్డుకొనలేదు.
* మే 7: దాడి చేసేవారు మొదటిసారిగా హెచ్.ఎస్.ఇ. సర్వర్లలోకి ప్రవేశించారు. తరువాతి రోజులలో పలు ఆసుపత్రుల వ్యవస్థలలోకి కూడా చేరారు.
* మే 10: ఒక ఆసుపత్రి తన డొమైన్ కంట్రోలరుపై హానికర కార్యకలాపాన్ని గుర్తించినది. నెట్‌వర్కులో ఎవరు ఎవరో, ఎవరికి ఏ అనుమతులు ఉన్నవో నిర్ణయించే సర్వరును డొమైన్ కంట్రోలర్ అంటారు. ఇది పరుల వశమైతే నెట్‌వర్కు మొత్తం వారి వశమైనట్లే.
* మే 14: అర్ధరాత్రి దాటిన తరువాత హెచ్.ఎస్.ఇ. వ్యవస్థలలో గుప్తీకరణ ప్రారంభమైనది.

మొదటి కంప్యూటరు వశమైన నాటి నుండి గుప్తీకరణ వరకు ఎనిమిది వారాలు గడిచినవి.

మే 13: రెండు స్పందనలు

దాడికి ముందురోజు, అనగా మే 13 గురువారం నాడు, హెచ్.ఎస్.ఇ.కి భద్రతా సాఫ్ట్‌వేరు సేవలందించే సంస్థ నుండి ఒక ఈ-మెయిలు వచ్చినది. మే 7 నుండి కనీసం 16 వ్యవస్థలపై పరిష్కరింపబడని ప్రమాద సూచనలు ఉన్నాయని అందులో తెలిపారు. హెచ్.ఎస్.ఇ. భద్రతా విభాగం ఆ సర్వర్లను ఆపి మరల ప్రారంభించవలసినదిగా సర్వర్ల విభాగాన్ని కోరినది.

సర్వరును పునఃప్రారంభించుట మామూలు లోపాలకు తరచుగా పనిచేసే చిట్కా. చొరబాటు విషయంలో అది చాలదు. దాడి చేసేవారు దొంగిలించిన సంకేతపదాలు పునఃప్రారంభం తరువాత కూడా చెల్లుతూనే ఉంటాయి. వారు ముందే చేసుకొన్న ఏర్పాట్ల వలన ఉపకరణాలు మరల నడుస్తాయి. పైగా కంప్యూటరు జ్ఞాపకంలో మాత్రమే ఉండే ఆధారాలు చెరిగిపోతాయి. వచ్చిన సూచనలను విడివిడి సాంకేతిక సమస్యలుగా భావించారే గాని, వాటన్నింటినీ కలిపి ఒకే దాడిగా గుర్తించి విచారణ ప్రారంభించలేదు. మే 14కు ముందు పలుమార్లు దాడి జాడలు కనిపించినప్పటికీ హెచ్.ఎస్.ఇ. వాటిపై సైబర్ సంఘటనగా విచారణ మొదలుపెట్టకపోవుట వలన, గుప్తీకరణను నివారించే అవకాశాలు చేజారినవని సమీక్ష తేల్చినది.

అదే మే 13న ఆరోగ్య మంత్రిత్వ శాఖ నెట్‌వర్కులో అనుమానాస్పద కార్యకలాపం ఉన్నట్లు ఐర్లాండు జాతీయ సైబర్ భద్రతా కేంద్రానికి తెలిసినది. వెంటనే విచారణ ప్రారంభించారు. విచారణలో భాగంగా కంప్యూటర్లపై నిఘా ఉపకరణాలను అమర్చారు. శుక్రవారం తెల్లవారుజామున ఆ శాఖ కంప్యూటర్లలో రాన్సమ్‌వేర్‌ను నడిపే ప్రయత్నం జరిగినప్పుడు, యాంటీవైరస్ మరియు అప్పుడే అమర్చిన ఆ ఉపకరణాలు కలిసి దానిని పసిగట్టి ఆపివేసినవి. ఒక ఆసుపత్రి కూడా ముందుగానే మేలుకొని తన నెట్‌వర్కును కాపాడుకొనగలిగినది.

మే 14: నెట్‌వర్కును తెంచుట

శుక్రవారం తెల్లవారక ముందే పలు ఆసుపత్రుల నుండి కంప్యూటర్లు పనిచేయుట లేదని హెచ్.ఎస్.ఇ.కి ఫిర్యాదులు రాసాగినవి. దాడి ఎంతవరకు వ్యాపించినదో, ఇంకా ఏ సర్వర్లు సురక్షితంగా ఉన్నవో ఆ సమయంలో ఎవరికీ తెలియదు. కొన్ని గంటలలోనే హెచ్.ఎస్.ఇ. అత్యవసర విధానాన్ని అమలు చేసి, తన వ్యవస్థలన్నింటినీ ఆపివేయుటకు, జాతీయ ఆరోగ్య నెట్‌వర్కును అంతర్జాలం నుండి తెంచుటకు నిర్ణయించినది. దీనితో దాడి చేసేవారికి నెట్‌వర్కులోనికి గల దారి మూసుకొనిపోయినది.

ఈ నిర్ణయం యొక్క మూల్యం కూడా వెంటనే కనిపించినది. ఈ-మెయిలు ఆగిపోయినది. నెట్‌వర్కు ఆధారంగా నడిచే టెలిఫోనులు మూగబోయినవి. చెడిపోని వ్యవస్థలు కూడా అందుబాటులో లేకుండా పోయినవి. సిబ్బంది స్వంత మొబైల్ ఫోనులపై, ఫ్యాక్సులపై, ముఖాముఖి సమావేశాలపై ఆధారపడవలసి వచ్చినది.

నెట్‌వర్కులో అడ్డుగోడలు ఉండి, ఏ భాగం చెడినదో స్పష్టంగా తెలిసి ఉంటే, ఆ భాగాన్ని మాత్రమే వేరుచేయవచ్చును. అడ్డుగోడలు లేనప్పుడు, ఏ సర్వరు ఎక్కడున్నదో తెలిపే పూర్తి జాబితా లేనప్పుడు, నిర్వాహకుల ముందు రెండే మార్గాలు మిగులుతాయి: అంతా ఆపుట, లేదా అంతా పోగొట్టుకొనుట. దాడి తరువాతి లెక్కల ప్రకారం హెచ్.ఎస్.ఇ. కంప్యూటర్ వ్యవస్థలో సుమారు 80 శాతం గుప్తీకరింపబడినది.

ఆసుపత్రులపై ప్రభావం

దాడి జరిగిన సమయంలో ఐర్లాండు కోవిడ్-19తో పోరాడుతున్నది. టీకాల కార్యక్రమానికి వాడే వ్యవస్థ వేరుగా ఉన్నందున అది కొనసాగినది. అంబులెన్సు సేవలు కూడా నడిచినవి. కోవిడ్ పరీక్షలకు వైద్యులు పేర్లు పంపే వ్యవస్థ మాత్రం ఆగిపోయినది.

డబ్లిన్‌లోని రొటుండా ప్రసూతి ఆసుపత్రి, 36 వారాలు నిండిన గర్భిణులకు తప్ప మిగిలినవారికి బయటి రోగుల విభాగపు సందర్శనలను రద్దు చేసినది. ఎక్స్-రే, స్కానింగు చిత్రాలను వైద్యుని వద్దకు చేర్చే వ్యవస్థ, ప్రయోగశాల ఫలితాలను పంపే వ్యవస్థ నిలిచిపోవుట వలన పలు ఆసుపత్రులలో అత్యవసరం కాని పరీక్షలు, చికిత్సలు వాయిదా పడినవి. రేడియేషన్ చికిత్స కూడా దెబ్బతినగా, కొందరు క్యాన్సర్ రోగులను ప్రైవేటు ఆసుపత్రులకు పంపవలసి వచ్చినది.

రోగి పాత రికార్డు కనబడనప్పుడు వైద్యునికి కలిగే ఇబ్బంది కేవలం ఆలస్యం కాదు. రోగికి ఏ మందు పడదో, గత పరీక్షలో ఏమి తేలినదో తెలియక నిర్ణయం తీసుకొనవలసి వస్తుంది. ప్రయోగశాల ఫలితాన్ని చేతితో వ్రాసి, మనిషి ద్వారా పంపునప్పుడు పేరు, అంకె తారుమారయ్యే ప్రమాదం ఉంటుంది. అందువలన ఆసుపత్రిలో నెట్‌వర్కును తెంచే నిర్ణయాన్ని కంప్యూటర్ విభాగం ఒక్కటే తీసుకొనదగినది కాదు. ఏ సేవను ఎంతసేపు ఆపవచ్చునో వైద్యులతో, నర్సులతో ముందుగానే చర్చించి వ్రాసిపెట్టుకొనవలెను.

జరుగుతున్న దాడిని కట్టడి చేయు విధానం

భద్రతా సంస్థలు సూచించే ప్రధాన చర్యలు క్రింది విధంగా ఉంటాయి. హెచ్.ఎస్.ఇ. అనుభవం వీటిలో ప్రతిదాని ప్రాధాన్యాన్ని తెలుపుతుంది.

* వేరుచేయుట: దాడికి గురైన కంప్యూటర్లను నెట్‌వర్కు నుండి విడదీయవలెను. చాలా కంప్యూటర్లు చెడినప్పుడు ఒక్కొక్క తీగను ఊడదీస్తూ కూర్చొనుటకు వ్యవధి ఉండదు. అప్పుడు నెట్‌వర్కు స్విచ్చుల వద్దనే ఆ భాగమంతటినీ తెంచుతారు.
* విద్యుత్తు ఆపుట: వీలైనంత వరకు కంప్యూటరును నెట్‌వర్కు నుండి విడదీసి, విద్యుత్తును కొనసాగించుట మేలు. దాని జ్ఞాపకంలో దాడి ఆధారాలు, కొన్ని సందర్భాలలో కీకి సంబంధించిన భాగాలు కూడా మిగిలి ఉండవచ్చును. విడదీయుటకు వేరే మార్గం లేనప్పుడు, గుప్తీకరణ కొనసాగుతున్నప్పుడు మాత్రం ఆపివేయుటే శరణ్యం.
* ఖాతాలను మూయుట: దాడి చేసేవారు దొంగిలించిన సంకేతపదాలతో మామూలు ఉద్యోగి వలెనే లోపలికి వస్తారు. నిర్వాహకుల ఖాతాలను నిలిపివేసి, సంకేతపదాలను మార్చవలెను. డొమైన్ కంట్రోలర్ చెడినట్లయితే అన్ని ఖాతాలనూ అనుమానించవలసినదే.
* బయటి దారులను మూయుట: చొరబడిన ఉపకరణాలు తమ యజమానుల ఆజ్ఞల కొరకు అంతర్జాలంలోని సర్వర్లను మాటిమాటికీ పలకరిస్తూ ఉంటాయి. ఆ చిరునామాలను గుర్తించి అడ్డుకొనవలెను. దూరం నుండి నెట్‌వర్కులోకి ప్రవేశించే మార్గాలను కూడా నిలిపివేయవలెను.
* బ్యాకప్‌లను కాపాడుట: ముఠాలు ముందుగా వెతికేది బ్యాకప్‌లనే. వాటిని నెట్‌వర్కు నుండి వెంటనే విడదీయవలెను. ఒక ప్రతి ఎల్లప్పుడూ నెట్‌వర్కుకు అందని చోట ఉండుట ఉత్తమం.
* వేరు మార్గంలో మాట్లాడుకొనుట: దాడికి గురైన ఈ-మెయిలులోనే కట్టడి గురించి చర్చించరాదు. చొరబడినవారు దానిని చదువుతూ ఉండవచ్చును. ముఖ్యుల ఫోను నంబర్లు కాగితంపై వ్రాసి ఉంచుకొనవలెను.
* నిర్ణయాలను నమోదు చేయుట: ఏ సమయానికి ఎవరు ఏ సర్వరును ఆపినారో వ్రాసి ఉంచవలెను. పునరుద్ధరణకు, పోలీసు విచారణకు ఇది అవసరం.

ఈ చర్యల వేగం దాడి ఏ దశలో ఉన్నదన్న దానిని బట్టి మారుతుంది. గుప్తీకరణ ఇంకా మొదలుకాని పక్షంలో, చొరబడినవారికి తెలియకుండా వారి జాడలన్నీ గుర్తించి, అన్ని దారులనూ ఒకేసారి మూయుటకు ప్రయత్నిస్తారు. ఒక్క కంప్యూటరును మాత్రమే మూసివేస్తే వారు మేలుకొని, మిగిలిన వాటిపై వెంటనే గుప్తీకరణ ప్రారంభించవచ్చును. గుప్తీకరణ మొదలైన తరువాత రహస్యానికి అర్థం లేదు. అప్పుడు వేగమే ముఖ్యం. అందువలన నెట్‌వర్కును ఆపే అధికారం అర్ధరాత్రి వేళ విధుల్లో ఉండే వ్యక్తికి ఉండవలెనని, పై అధికారుల అనుమతి కొరకు వేచి ఉండే పరిస్థితి రాకూడదని నిపుణుల అభిప్రాయం.

కీ లభించుట, పునరుద్ధరణ

దాడి చేసినవారు సుమారు 2 కోట్ల డాలర్లు కోరినట్లు వార్తలు వెలువడినవి. సొమ్ము చెల్లించబోమని ప్రధానమంత్రి మైకేల్ మార్టిన్ ప్రకటించారు. మే 20న దొంగిలించిన సమాచారాన్ని ఎవరూ ప్రచురించకుండా, పంచుకొనకుండా ఐర్లాండు హైకోర్టు ఉత్తర్వు జారీచేసినది. అదే రోజు ముఠా ఎట్టి చెల్లింపూ లేకుండానే కీని విడుదల చేసినది. దొంగిలించిన సమాచారాన్ని అమ్ముతామనే బెదిరింపును మాత్రం విరమించలేదు.

కీ లభించినంత మాత్రాన ఆసుపత్రులు మరుసటి రోజు తెరుచుకొనలేదు. కీ తాళాన్ని తెరుస్తుందే గాని ఇంట్లో దూరిన దొంగను వెళ్ళగొట్టదు. ముఠా ఇచ్చిన ఉపకరణం నమ్మదగినదో కాదో ముందు పరీక్షించవలెను. ప్రతి సర్వరునూ విడిగా ఉంచి, దస్త్రాలను విడిపించి, అందులో చొరబాటు ఉపకరణాలు మిగులలేదని రూఢి చేసుకొని, కొత్త రక్షణలు అమర్చిన తరువాతనే నెట్‌వర్కుకు కలుపవలెను. తొందరపడి శుభ్రం కాని ఒక్క సర్వరును కలిపినా పని మొదటికి వస్తుంది. ఈ పనిలో ఐర్లాండు రక్షణ దళాలు కూడా సహాయపడినవి.

జూన్ 14 నాటికి, అనగా సరిగా ఒక నెల తరువాత, సర్వర్లలో 47 శాతం విడిపింపబడి, అనువర్తనాలలో 51 శాతం పునరుద్ధరింపబడినవి. సెప్టెంబరు 21 నాటికి సర్వర్లన్నీ విడిపింపబడినవి. 1,087 అనువర్తనాలలో 1,075 తిరిగి పనిచేయసాగినవి.

కీ లభించకపోయి ఉంటే పరిస్థితి మరింత విషమించి ఉండేదని సమీక్ష పేర్కొన్నది. నెట్‌వర్కుకు అందని టేపులపై బ్యాకప్ తీయుట అప్పుడప్పుడు మాత్రమే జరిగినందున, చాలా సమాచారం శాశ్వతంగా పోయే అవకాశం ఉండెను. దాడి చేసినవారు వైద్య పరికరాలను లక్ష్యంగా చేసుకొనకపోవుట, ఈ రాన్సమ్‌వేర్ తనంత తానే పాకే రకం కాకపోవుట కూడా నష్టాన్ని తగ్గించినవి. అనగా నష్టం ఇంతటితో ఆగుటకు కారణం హెచ్.ఎస్.ఇ. సన్నద్ధత ఒక్కటే కాదు. దాడి చేసినవారు ఎంచుకొన్న పద్ధతి కూడా.

అనంతర పరిణామాలు

హెచ్.ఎస్.ఇ. అధిపతి పాల్ రీడ్ 2021లో తక్షణ వ్యయాన్ని 10 కోట్ల యూరోలుగా అంచనా వేశారు. 2021 సెప్టెంబరులో ఐర్లాండు పోలీసులు ముఠా వాడుతున్న కొన్ని అంతర్జాల చిరునామాలను స్వాధీనం చేసుకొన్నారు. 2022 నవంబరు నుండి, సమాచారం దొంగిలింపబడిన సుమారు లక్ష మందికి హెచ్.ఎస్.ఇ. ఉత్తరాల ద్వారా తెలియజేసినది. నెట్‌వర్కును తెంచుట ద్వారా గుప్తీకరణను ఆపవచ్చును గాని, అప్పటికే బయటికి పోయిన సమాచారాన్ని వెనుకకు తెచ్చుట సాధ్యం కాదు.

కాంటి ముఠా 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్‌పై రష్యా దండయాత్రను సమర్థిస్తూ ప్రకటన చేయగా, ముఠా అంతర్గత సంభాషణలు బయటికి వెల్లడైనవి. అదే సంవత్సరం మే నెలలో కాంటి అనే పేరుతో కార్యకలాపాలు నిలిచిపోయినవి. అందులోని సభ్యులు ఇతర ముఠాలలో చేరినట్లు భద్రతా పరిశోధకులు భావిస్తున్నారు.

భారతదేశంలో

2022 నవంబరు 23న న్యూఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థపై ఇటువంటి దాడియే జరిగినది. ఐదు సర్వర్లు దాడికి గురైనవని కేంద్రప్రభుత్వం పార్లమెంటుకు తెలిపినది. రోగుల నమోదు మొదలుకొని ప్రయోగశాల నివేదికల వరకు అనేక పనులను సిబ్బంది కొన్నాళ్ళపాటు చేతివ్రాతతో జరుపవలసి వచ్చినది. ఆ దాడికి కొన్ని నెలల ముందు, 2022 ఏప్రిల్ 28న, భారత కంప్యూటర్ అత్యవసర స్పందన బృందం అయిన సెర్ట్-ఇన్ జారీచేసిన ఆదేశాల ప్రకారం, ఇటువంటి సంఘటనలను గుర్తించిన 6 గంటలలోగా సంస్థలు తమకు తెలియజేయవలెను. సూచన కనిపించిన వెంటనే దానిని సంఘటనగా పరిగణించే అలవాటు ఉన్న సంస్థయే ఈ గడువును పాటించగలదు. ఐర్లాండులో హెచ్.ఎస్.ఇ.కి, ఆరోగ్య మంత్రిత్వ శాఖకు మధ్య కనిపించిన తేడా కూడా ఇదియే.

ఇవి కూడా చూడండి

* రాన్సమ్‌వేర్
* వానాక్రై
* కంప్యూటర్ వైరస్
* గుప్తలిపి శాస్త్రం
* ఐర్లాండు